లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేముందు పిల్లకాయల్ని ఏం అడగాలి?

మెడిసిన్ వార్డు సిస్టర్, తిరుపతి

అందరికీ నమస్తే. పోస్టింగ్ చివరి రోజు వచ్చిందంటే చాలు, బీయస్సీ, జీఎన్ఎం పిల్లకాయలు లాగ్‌బుక్‌లు కట్టగా తెచ్చి నర్సింగ్ స్టేషన్ టేబుల్ మీద పెడతారు. చూసినవి, సాయం చేసినవి, సొంతంగా చేసినవి అని మూడు గడులుంటాయి. మూడో గడి నిండుగా ఉంటుంది. క్యాథెటర్ ఏ బెడ్ పేషెంటుకు వేశావమ్మా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

టీపీఆర్ (టెంపరేచర్, నాడి, శ్వాస) షీట్లు ఇంకా ఘోరం. వార్డులో 30 మంది ఉంటే 30 మందికీ నాడి 80, శ్వాస 20, టెంపరేచర్ 98.6. ఆయాసంతో కూర్చోనుండే సీఓపీడీ (ఊపిరితిత్తుల జబ్బు) ముసలాయనకూ శ్వాస 20 అనే రాస్తా ఉండారు. కేర్ ప్లాన్‌లు వాట్సాప్‌లో ఒకరి దగ్గర నుంచి ఒకరికి పోతాయి. అరవై ఏళ్ళ మగ పేషెంటు ప్లాన్‌లో "బిడ్డకు పాలు పట్టే విధానం నేర్పించాను" అని ఉంటుంది. రాసినోళ్ళు చదవలేదు, దిద్దినోళ్ళూ చదవలేదని దాంతోనే తెలిసిపోతుంది.

సంతకం పెట్టకుంటే కాలేజీ నుంచి ఫోను వస్తుంది, పిల్ల ఏడుస్తుంది. పెడితే ఆర్నెల్లకు ఆ పిల్లే స్టాఫ్ నర్సుగా ఏదో ఒక వార్డులో రాత్రి డ్యూటీ ఒక్కతే చూస్తుంటుంది. తిట్టడం వల్ల పని జరగడం లేదు. అర్ధగంట లోపల, వార్డులో ఉన్న సామానుతోనే, ఈ పిల్లకు పని వచ్చా రాదా తేల్చే పద్ధతి ఎవరైనా పాటిస్తుంటే చెప్పండి.

పాత హెడ్ నర్సు

సిస్టర్, పెద్ద పరీక్షలేమీ వద్దు. ఆ పిల్ల రాసిన టీపీఆర్ షీటు బోర్లించి పెట్టి, మీకు నచ్చిన ఒక బెడ్ దగ్గరికి పిలుచుకోనిపొండి. "నా ముందర ఒకసారి చూడు" అనండి. ఆ తర్వాత నోరు మెదపకుండా గమనించండి.

మొదట చూడాల్సింది శ్వాస. పని తెలిసిన పిల్ల నాడి లెక్కపెట్టినాక కూడా మణికట్టు మీద వేళ్ళు తీయదు. నాడే చూస్తున్నట్టు ఉండి, ఛాతీ కదలికను నిమిషం నిండా లెక్కపెడుతుంది. "నీ ఊపిరి లెక్కపెడతాను" అని చెప్తే పేషెంటు శ్వాస మారిపోతుంది, అందుకే చెప్పకూడదు. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే పిల్లకు ఒక్క శ్వాస తప్పితే షీటులో నాలుగు తేడా వస్తుంది. 22 ఉన్నది 18 అవుతుంది. పేషెంటు దిగజారుతున్నాడా అని అంకెలతో పట్టే న్యూస్-2 స్కోరులో, శ్వాస 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 దాకా 2 పాయింట్లు, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే 3 పాయింట్లు. అంటే ఆ పేషెంటు దిగజారుతున్నాడని చెప్పే మొదటి గుర్తు కాయితం మీదికి ఎక్కకుండానే పోతుంది. బీపీ పడిపోయేదాకా ఎవరికీ తెలియదు.

నాడి తప్పుతూ ఉంటే పూర్తి నిమిషం చూడాలి. గుండె కొన దగ్గర స్టెత్ పెట్టి ఒకరు, మణికట్టు దగ్గర ఒకరు, ఒకే గడియారంతో లెక్కపెట్టి తేడా రాయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) పేషెంటు మీ వార్డులో ఎప్పుడూ ఒకరుంటారు కాబట్టి అక్కడే అడగండి.

బీపీ చూసేటప్పుడు చెయ్యి ఎక్కడుందో చూడండి. గుండె మట్టానికి ఆసరా ఇచ్చి పెట్టాలి. చెయ్యి కిందికి వేలాడుతుంటే అంకె పెరుగుతుంది. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) లోపలి గాలి సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా ఉండాలి. లావుపాటి చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ముందు మణికట్టు నాడి పట్టుకొని గాలి కొట్టి, నాడి ఆగిన చోటుకు పైన ఇంకో 30 ఎక్కించి, సెకనుకు 2 నుంచి 3 చొప్పున వదలాలి. బుస్సుమని వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా వస్తుంది.

ఇంకో కిటుకు. చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్ మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. షీటులో 125/85 అని కనబడితే "ఆ గీత ఎక్కడుందో చూపించమ్మా" అనండి. అది చూడకుండా రాసిన అంకె. డిజిటల్ మిషన్ వాడుంటే వేరే సంగతి, ఆ మాట కూడా పిల్లే చెప్పాలి.

చివరగా ఒకే ప్రశ్న: "ఈ అంకెలు చూసినాక ఎవరికి చెప్తావు, ఏమని చెప్తావు?" "డాక్టర్‌కి ఇన్ఫామ్ చేస్తా" అంటే చాలదు. ఏ బెడ్, ఎందుకు చేరాడు, పొద్దున ఎంతుండింది, ఇప్పుడెంత, నేనేం చేశాను, మీ నుంచి ఏం కావాల, ఈ వరసలో నాలుగు వాక్యాలు రావాలి.

దీనికి పది నిమిషాలు చాలు. ఇందులో నిలబడని పిల్లకు క్యాథెటర్ గడిలో సంతకం దేనికి?

ఐసీయూ నైట్ డ్యూటీ

హెడ్ నర్సు మేడం చెప్పింది చేతి పని గురించి. నేను లెక్కల గురించి చెప్తా. ఇప్పటి పిల్లల్లో నన్ను భయపెట్టేది అదే. ఫోను జేబులో పెట్టించి, కాయితం ఇచ్చి ఈ నాలుగూ అడగండి.

ఒకటి, సెలైన్. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో పోవాలి, సెట్టు మీద ఎంఎల్‌కు 20 చుక్కలని ఉంది. గంటకు 125, దాన్ని 20తో హెచ్చవేసి 60తో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. జవాబు వచ్చిందని వదిలేయొద్దు, సెట్టు కవరు మీద ఆ 20 ఎక్కడ అచ్చేసి ఉందో చూపించమనండి. మైక్రో సెట్టుకు 60 చుక్కలు. ఏ సెట్టు తగిలించారో చూడకుండా చక్రం తిప్పితే లెక్క మూడింతలు తప్పుతుంది.

రెండోది ఇన్సులిన్. ఇది తప్పకుండా అడగండి. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లవి, వాటికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్లవి కూడా వస్తాయి, వాటికి నారింజ మూత సిరంజి. 20 యూనిట్లు వేయమని ఆర్డరు. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 ఎంఎల్, అంటే 8 యూనిట్లు. షుగరు దిగదు, డాక్టరు డోసు పెంచుతాడు. తర్వాతి డ్యూటీలో ఎవరో సరైన సిరంజి వాడితే ఆ పెంచిన డోసు పూర్తిగా పడుతుంది. తిరగేస్తే ఇంకా ప్రమాదం: 100 వయల్ నుంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా తీస్తే 0.5 ఎంఎల్, 50 యూనిట్లు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూసే అలవాటు చేతిలో ఉండాలి, నోట్లో ఉంటే లాభం లేదు. ట్రేలో రెండు రకాల సిరంజిలూ పెట్టి "తీయి" అనండి, తెలిసిపోతుంది.

పొటాషియం క్లోరైడ్: 15 శాతం ఆంపుల్ 10 ఎంఎల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి తోయకూడదని అందరూ అప్పజెప్తారు. దాని తర్వాత అడగాల్సినవి వేరే ఉన్నాయి. వేలాడుతున్న సీసాలోకి ఎక్కించొచ్చా? ఎక్కించకూడదు, బరువైన మందు మూతి దగ్గరికి దిగిపోయి మొదటి చుక్కల్లోనే చిక్కగా పోతుంది. సీసా దించి, మందు కలిపి, పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ రాసి తగిలించాలి. చేతి నరంలో వార్డు లెక్కన గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు. కాబట్టి 500 ఎంఎల్‌లో ఒక ఆంపుల్ కలిపితే ఆ సీసాకు కనీసం రెండు గంటలు పట్టాలి. మూత్రం వస్తోందా అని అడగకుండానే ఆంపుల్ పగలగొట్టే పిల్లను అక్కడే ఆపండి.

డోపమైన్ (బీపీ నిలబెట్టే మందు) లెక్క అడగడం ఐసీయూ పోస్టింగ్ అయిన వాళ్ళకే న్యాయం. 200 మిల్లీగ్రాముల ఆంపుల్‌ను 50 ఎంఎల్ చేస్తే ఎంఎల్‌కు 4000 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున అంటే నిమిషానికి 300, గంటకు 18000. పంపు మీద గంటకు 4.5 ఎంఎల్. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటే: నిమిషాన్ని గంటలోకి మార్చడం మరిచిపోతారు.

స్కిల్ ల్యాబ్ ట్యూటర్

మీ అందరి కోపం న్యాయమే సిస్టర్, కానీ దాంట్లో సగం తప్పు చిరునామాకు పోతోంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కన ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలి, పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. మీ వార్డులో 30 బెడ్లుంటే పదిమంది పిల్లలు పడతారు. తిరుపతి చుట్టుపక్కల ఎన్ని కాలేజీల పిల్లలు అవే పెద్దాసుపత్రుల వార్డులకు పోస్టింగ్‌కు వస్తారో మీకు నేను చెప్పాలా? ఒక్క ఉదయం షిఫ్టులో మూడు రంగుల యూనిఫాములు కనబడతాయి. ఒక్క కాథెటర్ చుట్టూ పన్నెండు మంది నిలబడితే పదకొండో పిల్లకు కనిపించేది ముందున్న పిల్ల జడ. ఆ రోజు పన్నెండు లాగ్‌బుక్‌లలోనూ "సొంతంగా చేశాను" అనే పడుతుంది, ఎందుకంటే సెమిస్టరు అయ్యేలోపల ఆ గడి నిండకపోతే ఇంటర్నల్ మార్కులు లేవు.

2021-22 నుంచి బీయస్సీ నర్సింగ్ ఎనిమిది సెమిస్టర్లు అయింది. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు ఉండాలి. నియమం మంచిదే. అది హాజరును కొలుస్తుంది, చేతిని కొలవదు.

ఇక వార్డు వైపు చూద్దాం. శాంపిల్స్ ల్యాబ్‌కు మోసేది, ఫార్మసీ నుంచి మందులు తెచ్చేది, ఎక్స్‌రేకు స్ట్రెచర్ తోసేది ఎవరు? పిల్లలే. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం దాకా అదే పనైతే, నేర్చుకునేది మెట్ల దారి. స్టాఫ్ తక్కువ, ఆ సంగతి తెలుసు. కానీ అది పిల్లల నిర్లక్ష్యం ఖాతాలో రాయకండి.

నిజంగా దిగజారింది ఒకటుంది, దాన్ని ఒప్పుకుంటా. విదేశాలకు పోవాలని రెండో ఏడాదిలోనే జర్మన్ భాష క్లాసుకో ఓఈటీ (వైద్య ఉద్యోగాల ఇంగ్లీషు పరీక్ష) కోచింగుకో చేరి, వార్డును దాటిపోయే వంతెనగా చూసే పిల్లలు పెరిగారు. వాళ్ళకు నేను చెప్పేది ఇదీ. అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌సీఎల్‌ఈఎక్స్‌లో 85 నుంచి 150 దాకా ప్రశ్నలొస్తాయి. నలుగురు పేషెంట్లను ఇచ్చి ముందు ఎవరి దగ్గరికి పోతావని అడిగే రకం వాటిలో చాలా ఉంటాయి. ఓఈటీ రాతపరీక్షలో కేసు నోట్సు చూసి 45 నిమిషాల్లో ఉత్తరం రాయాలి. ఏ సమాచారం అక్కర్లేదో తెలియని పిల్ల అక్కడ కూడా పోతుంది. 98.6 కాపీ కొట్టిన చేతికి కోచింగు సెంటరు ఇవ్వగలిగింది కొంచెమే.

సంతకం విషయానికొస్తే, నా సలహా: పోస్టింగ్ చివరి రోజు సంతకాలు అనే పద్ధతే ఎత్తేయండి. పని చేసిన రోజే, చూసిన సిస్టరే, బెడ్ నంబరు, టైము రాసి పెట్టాలి. ఒక పిల్లకు రోజుకు రెండు పనులకు మించి సంతకం లేదు. దీన్ని ఇన్‌చార్జ్ సిస్టర్ మా ప్రిన్సిపాల్‌కు పోస్టింగ్ మొదటి రోజే కాయితం మీద రాసి ఇస్తే, చివర్లో ఫోన్లు రావు. టీచరు వార్డులో లేకుండా పిల్లల్ని వదిలేసి పోతే వెనక్కి పంపించేయండి. అది మాకే మంచిది.

ఫోర్త్ ఇయర్, చిత్తూరు

మేడమ్స్, నేను స్టూడెంట్‌ని. కోపగించుకోకపోతే ఒకటి అడుగుతా. ల్యాబ్‌లో సూదికి మూత మళ్ళీ పెట్టకూడదు అంటారు. వార్డులో సిస్టర్లే రెండు చేతులతో మూత పెడతారు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి పోయే గొట్టం) వేసినాక గాలి కొట్టి స్టెత్‌తో వినమంటారు, పుస్తకంలో అది నమ్మొద్దని ఉంది. హబ్ (నరంలోని క్యానులాకు మందు ఎక్కించే మూతి) తుడవకుండానే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. మేం పుస్తకం ప్రకారం చేస్తే "ఇంతసేపా" అని అరుస్తారు. ఏది పాటించాలి? లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది మాత్రం వాళ్ళే కదా.

ఐసీయూ నైట్ డ్యూటీ

కోపం దేనికమ్మా, సరైన చోటే పట్టుకున్నావు. నువ్వడిగిన మూడింటికీ పుస్తకమే రైటు.

మూత పెట్టొద్దు. వాడిన సూది నేరుగా తెల్లటి, గుచ్చుకోని డబ్బాలోకి. డబ్బా నువ్వున్న చోటికి రావాలి, సూది పట్టుకొని నువ్వు వార్డంతా నడవకూడదు. ఇంజెక్షన్ ట్రేతో పాటే డబ్బా తీసుకుపో, గుచ్చుడు ప్రమాదాలు తగ్గుతాయి. సూది తీసేసిన సెలైన్ సెట్టు, క్యాథెటర్, యూరిన్ బ్యాగు ఎర్ర సంచిలోకి. రక్తం అంటిన దూది, కట్టు గుడ్డ పసుపు దాంట్లోకి. గాజు వయల్, పగిలిన ఆంపుల్ నీలం డబ్బాలోకి. 2016 ఆసుపత్రి వ్యర్థాల రూల్స్ వచ్చినప్పటి నుంచీ ఇదే.

గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, బ్లీచింగు పోయొద్దు. సబ్బు, పారే నీళ్ళతో కడిగి వెంటనే చెప్పు. హెచ్ఐవీ నివారణ మందు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు, మొదలుపెడితే 28 రోజులు. తిడతారని డ్యూటీ అయ్యేదాకా దాచే పిల్లలున్నారు, ఆ గంటలే విలువైనవి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ (0, 1, 6 నెలలు) వేయించుకున్నావా? లేకుంటే పోస్టింగ్‌కు పంపడమే తప్పు, కాలేజీలో అడుగు.

రైల్స్ ట్యూబ్: గాలి చప్పుడు ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా, అన్నవాహికలో ఉన్నా పొట్ట మీద వినిపించగలదు. ముక్కు కొన నుంచి చెవి తమ్మె, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలిచి గుర్తు పెట్టు. లాగిన ద్రవం పీహెచ్ 5.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే కడుపులో ఉన్నట్టు. స్ట్రిప్పు లేకపోయినా, గ్యాస్ మందు మీదుండే పేషెంటుకు పీహెచ్ ఎక్కువ చూపించినా, ఎక్స్‌రే అయ్యేదాకా ఫీడ్ మొదలుపెట్టొద్దు. బయటి గుర్తు ఎన్ని సెంటీమీటర్ల దగ్గరుందో ప్రతి ఫీడుకు ముందు చూడు, దగ్గులో ట్యూబు జారిపోవచ్చు.

హబ్ 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వు. ఎవరైనా అరిస్తే "15 సెకన్లే సిస్టర్" అను. వాదన పెట్టుకోవద్దు, రుద్దడం ఆపొద్దు.

క్యాజువాలిటీ, చిత్తూరు వైపు

పైన అందరూ వార్డు గురించి చెప్పారు. మా వైపు చెరుకు, వేరుశనగ చేలల్లోంచి పాము కాటు కేసులు వస్తుంటాయి కాబట్టి, క్యాజువాలిటీ పోస్టింగ్‌లో నేను సంతకానికి పెట్టేది ఒకే పరీక్ష: 20 నిమిషాల గడ్డకట్టే టెస్టు. చూడ్డానికి ఎంత సులభమో చెడగొట్టడం అంత సులభం.

కొత్తది, పొడిది, గాజు ట్యూబు కావాలి. ప్లాస్టిక్‌లో రక్తం సరిగా గడ్డకట్టదు. డిటర్జెంటుతో కడిగిన గాజు కూడా అదే మోసం చేస్తుంది, బాగున్న రక్తమే గడ్డకట్టనట్టు కనిపిస్తుంది. నరంలోంచి తీసిన 2 ఎంఎల్ రక్తం పోసి, పేషెంటు పక్కనే స్టాండులో పెట్టి, టైము రాసి, 20 నిమిషాలు కదిలించకూడదు. మధ్యలో రెండుసార్లు తీసి వంచి చూసే పిల్లకు గుండుసున్నా. గడువు అయినాక ఒక్కసారి వంచాలి. ద్రవంగా కారితే రక్తపింజరి లాంటి పాము విషం పనిచేస్తున్నట్టు లెక్క. ఒకసారి గడ్డకట్టిందని వదిలేయకూడదు, మళ్ళీ మళ్ళీ చేయాలి.

కట్లపాము కాటైతే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. అక్కడ చూడాల్సింది కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడు అని. కాటు గుర్తు కనిపించలేదని "ఏమీ లేదు" అని రాసేస్తారు పిల్లకాయలు. కట్లపాము కోరల గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు.

యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు) పొడి వయల్ ఒక్కోదానికి 10 ఎంఎల్ స్టెరైల్ వాటర్. ఊపితే నురగ వస్తుంది, చేతుల మధ్య మెల్లగా తిప్పాలి. మొదటి విడత 10 వయల్స్, సెలైన్‌లో గంటలో పోవాలి. చిన్నపిల్లల పేషెంట్లకూ అంతే, బరువు చూసి తగ్గించరు, ఎందుకంటే పాము దించిన విషం మనిషి బరువు చూసి తగ్గదు. ఎక్కించే ముందే, రియాక్షన్ వస్తే వాడ్డానికి, పెద్దవాళ్ళకైతే ఎడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు సిరంజిలో తీసి, లేబుల్ రాసి ట్రేలో పెట్టాలి. మొదటి 15 నిమిషాలు పక్కనుంచి కదలకూడదు. దురద, దద్దుర్లు, వణుకు వస్తే డ్రిప్పు ఆపి పిలవాలి.

ఇంకోటి. మాకు సరిహద్దు ఊళ్ళ నుంచి తమిళం తప్ప రానోళ్ళు చాలామంది వస్తారు. "వలిక్కుదా" (నొప్పిగా ఉందా) అని అడగడం కూడా రాని ఫైనల్ ఇయర్ పిల్లలున్నారు, పక్కనే పుట్టి పెరిగినోళ్ళే. పది మాటలు నేర్చుకోవడానికి సిలబస్ కావాలా?

మెడిసిన్ వార్డు సిస్టర్, తిరుపతి

చాలా థ్యాంక్స్ అందరికీ. ట్యూటర్ మేడం మాట రొంత గుచ్చుకున్నా, పిల్లలతో ల్యాబ్‌కు శాంపిల్స్ మోయించేది మేమే అన్నది నిజం. వచ్చే బ్యాచ్‌కు మొదటి రోజే కాయితం ఇస్తా: రోజుకు రెండు సంతకాలు, బెడ్ నంబరు, టైముతో. టీపీఆర్ పరీక్ష అందరికీ. ఇన్సులిన్ సిరంజి పరీక్ష మా స్టాఫ్‌తోనే మొదలుపెడతా, ఎందుకంటే మా ఫ్రిజ్‌లో రెండు రకాల వయల్సూ ఉన్నాయి.

ఒక్క అనుమానం మిగిలింది. పరీక్షలో తప్పిన పిల్లకు లాగ్‌బుక్‌లో ఏం రాయాలి? ఖాళీ వదిలితే బయట ఎవరితోనో నింపించుకుంటారు.

స్కిల్ ల్యాబ్ ట్యూటర్

ఖాళీ వదలొద్దు. "సొంతంగా చేశాను" గడి కొట్టేసి, "చూశాను" గడిలో తేదీ వేసి, పక్కన "మళ్ళీ చూపించాలి, శ్వాస లెక్క" అని ఏది తప్పిందో నాలుగు మాటల్లో రాసి సంతకం పెట్టండి. ఆ పేజీ ఫోటో అదే రోజు క్లినికల్ టీచరుకు పంపండి. ఆ పిల్లను మేం ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తర్వాతి వారం మీ దగ్గరికే పంపిస్తాం. రెండోసారి వచ్చినప్పుడు బెడ్ మాత్రం మార్చండి, మొదటి పేషెంటు అంకెలు బట్టీ పట్టుకొని వస్తారు.